మార్పు దశలో పండిన పంటకు రేటు ఎవరిస్తారు?

వ్యాఖ్యాత: నమస్తే అండి. సూపర్ మార్కెట్లలో ఆర్గానిక్ సరుకులు పెరుగుతూనే ఉన్నాయి. మరి ఎకరం, రెండెకరాల రైతుకు అందులో ఎంత ముడుతోంది? పార్వతీపురం మన్యం జిల్లా నుంచి కూరగాయలు పండించే అక్క మనతో ఉన్నారు. అక్కా, మందులు మానేశాక ఏమైంది?

అక్క: ముందు ఖర్చు తగ్గింది తమ్ముడూ. రసాయన ఎరువుకి బదులు వేసే జీవామృతం ఇంటి దగ్గరే కలుపుకుంటాం. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడన పెట్టి పొద్దునా సాయంత్రం కర్రతో తిప్పాలి. అయితే మొదట్లో దిగుబడి కాస్త తగ్గింది. సంతకెళ్తే నా వంకాయకీ మందు కొట్టిన వంకాయకీ ఒకటే రేటు.

వ్యాఖ్యాత: సర్టిఫికెట్ ఉంటే?

అక్క: ఎగుమతికి పనికొచ్చే సర్టిఫికెట్ కావాలంటే, ఏడాదిలోపే చేతికొచ్చే పంటలకి విత్తడానికి ముందే కనీసం 2 ఏళ్లు భూమి మార్పు దశలో, అంటే రసాయనాలు వాడకుండా, ఉండాలి. ఆ రెండేళ్లూ చాకిరీ ఆర్గానిక్, రేటు మామూలు. చిన్న రైతు వదిలేసేది ఇక్కడే.

వ్యాఖ్యాత: మీరు పీజీఎస్ గ్రూపులో, అంటే రైతులే ఒకరి పంటకి ఒకరు హామీ ఇచ్చుకునే పద్ధతిలో ఉన్నారు కదా?

అక్క: ఆ, కనీసం ఐదుగురం ఉండాలి. ఒకరి పొలం ఒకరు తనిఖీ చేస్తాం. ఒకామె చేలోకి పక్క పొలం మందు గాలికి కొట్టుకొస్తోందని గట్టు పొడవునా జొన్న, కంది ఒత్తుగా వేయించాం. రోజూ ఆ దారిన నడిచేవాళ్లకే ఇలాంటివి తెలుస్తాయి.

వ్యాఖ్యాత: జనగామ జిల్లా ఏనెబావిలో 2006 నాటికే ఊరంతా రసాయనాలు మానేసింది. ఊరు మొత్తం కలిస్తే ఆ బెడదే ఉండదు. వినేవాళ్లకి ఇంకో మాట: ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్న చిన్న రైతు నేరుగా తినేవాళ్లకి అమ్మితే సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. సర్టిఫికెట్ ఉన్న ఆర్గానిక్ సరుకు మీద వేసే జైవిక్ భారత్ లోగో మాత్రం వాడకూడదు. అక్కా, పట్నంలో కొనేవాళ్లకి ఏం చెప్తారు?

అక్క: మార్పు దశలో ఉన్నప్పుడే మా దగ్గర కొనండి. నెలకి ఎన్ని కిలోలు కావాలో ముందే చెబితే దాన్ని బట్టి విత్తుకుంటాం. ఒక కాయ పుచ్చితే అదొక్కటే తీసెయ్యండి, బుట్టంతా వెనక్కి పంపకండి.