మనిషి దూరాన, బ్యాంకు కూడా దూరాన

అందరికీ నమస్కారం. అమెరికా సైన్యంలో భర్తో, భార్యో, కొడుకో, కూతురో ఉన్న తెలుగువాళ్ళం ఇంతమందిమి ఒకచోట కూర్చోవడం నేను చూడటం ఇదే మొదటిసారి. ఊళ్ళో బ్రాంచి లేకుండా ఫోను మీద, ఆన్‌లైన్‌లో నడిచే బ్యాంకుని ఎంచుకోవడం గురించి మాట్లాడమన్నారు. బ్యాంకు అనగానే వడ్డీ రేట్లు గుర్తొస్తాయి. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఒక శనివారం రాత్రి సంగతి చెప్పాలి.

మా ఆయన డిప్లాయ్‌మెంట్‌కి, అంటే సైన్యం పని మీద విదేశానికి, వెళ్ళి అప్పటికి మూడు వారాలు. కారు బ్యాటరీ పోయింది. మెకానిక్ వచ్చి కొత్తది బిగించాడు. ఆయన నాకు ఇచ్చి వెళ్ళిన కార్డు గీకితే పనిచెయ్యలేదు. మళ్ళీ గీకాడు, అదే తంతు. బ్యాంకుకి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి లైన్లోకి వచ్చింది. ఆ రోజు వేరే దేశంలో ఎవరో అదే అకౌంటు వాడారట, అనుమానం వచ్చి లాక్ చేశారట. ఆ వాడింది మా ఆయనే! "ఆరు అంకెల కోడ్ పంపాం, చెప్పండి" అంది. కోడ్ వెళ్ళింది ఆయన నంబరుకి. ఆ ఫోను మా పడకగది సొరుగులో ఉంది. నెలకి నాలుగు డబ్బులు మిగులుతాయి కదా అని లైను మేమే ఆపించాం. "నేను ఆయన భార్యనండీ" అన్నాను. "అకౌంటు మీద మీ పేరు లేదు మేడమ్" అంది. ఆ అమ్మాయిని తప్పుపట్టను, రూలు అదే. పక్కింట్లో ఉండే ఇంకో సోల్జర్ భార్య వచ్చి డబ్బు కట్టింది. మా ఆయన్ని ఈమెయిల్‌లో పట్టుకుని, లాక్ తీయించేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ చంటిపిల్లాడితో నేను పడ్డ టెన్షన్ ఈ గదిలో ఇంకెవరూ పడకూడదనే ఈ రోజు ఇక్కడికి వచ్చాను.

మన ఇంట్లో మనిషి దొరకని రోజున ఆ బ్యాంకు మనతో ఎలా మాట్లాడుతుంది? నేనైతే ఎంపికని అక్కడినుంచే మొదలుపెడతాను.

అసలు దూరం నుంచి నడిచే బ్యాంకు మనకెందుకంటారా? రెండు మూడేళ్ళకోసారి పీసీఎస్ ఆర్డర్స్, అంటే బదిలీ ఉత్తర్వులు, వస్తాయి. టెక్సాస్ నుంచి హవాయికి, అక్కడినుంచి జర్మనీకి మకాం మారుస్తాం. ఇంటి ఎదురుగా ఉన్న బ్రాంచి మనతో పాటు రాదు కదా. ఈ అవసరం కొత్తదేమీ కాదు. 1922లో శాన్ ఆంటోనియోలో 25 మంది ఆర్మీ ఆఫీసర్లు, తమ కార్లకి బయట ఇన్సూరెన్స్ సరిగ్గా దొరక్క, ఒకరి కారుకి ఒకరు పూచీ పడదామని కూర్చుని యూఎస్ఏఏ అనే ఇన్సూరెన్స్ సంస్థ మొదలుపెట్టారు. దాని బ్యాంకు 1983లో వచ్చింది. ఊరూరా బ్రాంచీలు పెట్టకుండా పోస్టు మీద, ఫోను మీద నడిపారు. చెక్కు వేయాలంటే కవర్లో పెట్టి పంపి ఎదురుచూడాల్సిందే. 2004 అక్టోబరులో చెక్ 21 చట్టం అమల్లోకి వచ్చి, చెక్కు బొమ్మ నుంచి తీసిన ప్రతికి అసలు చెక్కుతో సమానమైన విలువ ఇచ్చింది. ఆ తర్వాత ఇంట్లో స్కానర్ మీద పెట్టి చెక్కు జమ చేసే పద్ధతి 2006లో, ఫోన్ కెమెరాతో ఫొటో తీసి జమ చేసే పద్ధతి 2009లో వీళ్ళు తెచ్చారు. ఇప్పుడు దాదాపు ప్రతి బ్యాంకూ ఇచ్చే ఆ సదుపాయాన్ని ముందుగా తెచ్చినవాళ్ళలో సైనిక కుటుంబాల బ్యాంకు ఉందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

నేవీ ఫెడరల్ కథ వేరు. 1933లో ఏడుగురితో మొదలైన క్రెడిట్ యూనియన్ అది. క్రెడిట్ యూనియన్ అంటే అకౌంటు ఉన్నవాళ్ళే యజమానులు. పేరులో నేవీ ఉన్నా ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్, అన్ని దళాలవాళ్ళూ చేరొచ్చు. సైనిక బేసుల దగ్గర బ్రాంచీలు కూడా ఉన్నాయి. సైన్యంలో ఉన్నవాళ్ళ అమ్మానాన్నల్ని, అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని కూడా చేర్చుకుంటుంది. కొడుకుని సైన్యానికి పంపిన తల్లిదండ్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఇది చెబుతున్నాను.

అయితే పేరు పెద్దది కదా అని కళ్ళు మూసుకుని సంతకం పెట్టకండి. నేరాలతో సంపాదించిన డబ్బు చలామణీని అడ్డుకునే ఏర్పాట్లు సరిగ్గా లేవని 2022లో యూఎస్ఏఏ బ్యాంకుకి మొత్తం 14 కోట్ల డాలర్ల జరిమానా పడింది. దానివల్ల మన డబ్బుకేం ఢోకా లేదు. బ్యాంకులో ఎఫ్‌డీఐసీ, క్రెడిట్ యూనియన్‌లో ఎన్‌సీయూఏ అనే ప్రభుత్వ సంస్థల నుంచి ఒక్కో మనిషికి 2,50,000 డాలర్ల దాకా పూచీ ఉంటుంది. మన కోసమే పుట్టిన సంస్థ అయినా అడగాల్సినవి అడగాలనే నా మాట.

ఏమడగాలి? అకౌంటు తెరవకముందే ఒక ఆదివారం రాత్రి వాళ్ళ నంబరుకి ఫోన్ చెయ్యండి. మనిషి ఎంతసేపటికి పలుకుతాడో చూసుకోండి. పలికాక, "మా ఆయన ఆరు నెలలు ఫోనుకి దొరకరు, కోడ్ ఎవరికి పంపుతారు?" అని అడగండి. ఫోన్ నంబరు మీదే ఆధారపడే బ్యాంకు మనకి కష్టం. యాప్‌లో పుట్టే కోడ్ గానీ, ఇంకో మార్గం గానీ ఉండాలి. జాయింట్ అకౌంటు అయితే ఇద్దరికీ వేర్వేరు లాగిన్, వేర్వేరు నంబరు పెట్టించండి. ఒకే లాగిన్ ఇద్దరూ వాడుకోవడం మనకి అలవాటు. లాక్ పడితే ఇద్దరికీ కలిపి పడుతుంది.

పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మన మనిషి తరఫున సంతకం పెట్టే హక్కు ఇచ్చే కాగితం గురించి చాలామందికి ఒక భ్రమ ఉంది, నాకూ ఉండేది. బేస్‌లో లీగల్ ఆఫీసువాళ్ళు ఉచితంగా రాసిస్తారు, చేతిలో ఉంటే చాలనుకుంటాం. తీరా అవసరం పడ్డాక కొన్ని బ్యాంకులు మా ఫారం మీదే కావాలంటాయి, మా లాయర్లు చూడాలి, వారం ఆగమంటాయి. అందుకే మనిషి విమానం ఎక్కకముందే ఆ కాగితం బ్యాంకుకి పంపి, ఫైల్లో ఎక్కిందని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

మన తెలుగువాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. పేర్లు! ఇంటిపేరు ముందు రాస్తాం, ఒక్కోసారి అసలు రాయం. పాస్‌పోర్టులో ఒకటే పేరు ఉంటే వీసా మీద ఎఫ్ఎన్‌యూ, అంటే 'మొదటి పేరు తెలియదు' అని పడుతుంది. మిలిటరీ డిపెండెంట్ కార్డు మీద ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఒకలా ఉంటుంది. బ్రాంచిలో అయితే ఎదురుగా కూర్చుని కాగితాలు చూపించి ఒప్పించొచ్చు. ఫోన్లో, ఆన్‌లైన్‌లో కంప్యూటరు ఒక్క అక్షరం తేడాకి కూడా మీరెవరో మాకు తెలియదంటుంది. అన్ని కార్డుల మీదా పేరు ఒకేలా ఉండేట్టు ముందు సరిచేయించుకుని అప్పుడు దరఖాస్తు పెట్టండి.

విదేశంలో పోస్టింగ్ అయితే చిరునామా ఏపీఓ, అంటే సైనిక పోస్టాఫీసుది, అవుతుంది. ఆ చిరునామాకి కార్డు పంపుతారా, ఎన్నాళ్ళు పడుతుంది అని అడగండి. పోయిన కార్డు స్థానంలో కొత్తది వారాల తరబడి రాకపోతే ఎలా బతుకుతాం? విదేశంలో కార్డు వాడితే 3 శాతం దాకా తీసుకునే బ్యాంకులున్నాయి, ఏమీ తీసుకోనివీ ఉన్నాయి. ఏటీఎం రుసుములో కొంత తిరిగి ఇచ్చేవీ ఉన్నాయి.

దూరపు బ్యాంకుకి ఒక పెద్ద లోటు ఉంది, దాచను. నోట్లు జమ చెయ్యడం కష్టం. పాత సోఫా అమ్మితే వచ్చిన రెండు వందల డాలర్లు పర్సులోనే ఉండిపోతాయి. ఇల్లు కొనేటప్పుడు బ్యాంకే తన పూచీ మీద రాసిచ్చే క్యాషియర్స్ చెక్కు అప్పటికప్పుడు కావాలంటే చేతికి రాదు. అందుకే నేను ఊళ్ళో ఉన్న బ్యాంకులో ఒక చిన్న అకౌంటు కూడా ఉంచుతాను, నా పేరు మీద. జీతం ఒకటో తారీకున, పదిహేనున పెద్ద అకౌంటులో పడగానే కొంత దీనిలోకి వెళ్ళేలా పెట్టుకున్నాం. కనీసం రెండు వారాల సరుకులకి, పెట్రోలుకి సరిపోయేంత.

ఇక వడ్డీ. పొదుపు మీద అర శాతం ఎక్కువ తక్కువల కోసం బ్యాంకు మారే ముందు, అప్పుల మీద వడ్డీ చూడండి. సైన్యంలో ఉన్నవాళ్ళకి రక్షణ ఇచ్చే ఎస్‌సీఆర్ఏ చట్టం ప్రకారం, యాక్టివ్ డ్యూటీలో చేరకముందు తీసుకున్న అప్పుల మీద డ్యూటీలో ఉన్నంతకాలం 6 శాతానికి మించి వడ్డీ వసూలు చెయ్యకూడదు. భార్యాభర్తలు కలిసి తీసుకున్నవాటికీ ఇది వర్తిస్తుంది. పైన ఉన్న వడ్డీ వాయిదా పడదు, మాఫీ అయిపోతుంది. కానీ మనం అడగాలి, ఉత్తరంతో పాటు ఆర్డర్స్ కాపీ జతచెయ్యాలి. సర్వీసు ముగిశాక 180 రోజుల లోపు కూడా అడగొచ్చు. ఈ మాట బ్యాంకు ఉద్యోగి తనంతట తాను చెప్పాడా, మీరు చెబితే "అదేంటండీ" అన్నాడా? ఆ ఒక్క జవాబుతో ఆ బ్యాంకుకి మన బతుకు ఎంత తెలుసో తేలిపోతుంది. యుద్ధ ప్రాంతానికి వెళ్ళినవాళ్ళకి బ్యాంకులతో పనిలేకుండా సైన్యం నడిపే సేవింగ్స్ డిపాజిట్ ప్రోగ్రాం ఉంది. 10,000 డాలర్ల దాకా ఏడాదికి 10 శాతం వడ్డీ. అర్హత ఉన్నవాళ్ళు అది వదులుకోకండి.

మా సంగతికి వస్తే, ఆయన తిరిగొచ్చిన వారంలోనే మేము బ్యాంకు మార్చాం. రెండోసారి వెళ్ళినప్పుడు కార్డు మళ్ళీ లాక్ పడింది, ఈసారి రాత్రి తొమ్మిదింటికి సూపర్‌మార్కెట్ కౌంటరు దగ్గర. సరుకుల బండి పక్కకి లాగి ఫోన్ చేశాను. కోడ్ నా ఫోనుకే వచ్చింది, చదివి చెప్పాను. బండిలో కూర్చున్న మా బాబు చేతిలో బిస్కెట్ అయిపోయేలోపు లాక్ తీశారు. పాలు, గుడ్లు, బియ్యం సంచీ తీసుకుని ఇంటికొచ్చేశాం. ఆ సంగతి మా ఆయనకి నెల తర్వాత, మాటల మధ్యలో గుర్తొస్తే చెప్పాను.