తగ్గిన కిలోలు మళ్లీ ఎందుకొస్తున్నాయి? – స్టూడియో చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: ఒక ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్), ఒక సీనియర్ డైటీషియన్, ఒక జిమ్ ట్రైనర్, ఒకసారి బాగా బరువు తగ్గి మళ్లీ పెరిగిన హైస్కూల్ లెక్కల మాస్టారు.)

యాంకర్: నమస్కారం. జనవరి ఒకటిన డైట్ మొదలుపెట్టి సంక్రాంతి అరిసెల దగ్గర ఆపేసినవాళ్లు మన ఇళ్లలో తక్కువేం కాదు. ఈ రోజు మాట్లాడేది వాళ్ల గురించి కాదు. నెలల తరబడి నోరు కట్టుకుని, నిజంగానే పది పదిహేను కిలోలు తగ్గి, రెండేళ్లకు మళ్లీ పాత బరువుకు వచ్చినవాళ్ల గురించి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువుతో ఉన్నారు. కాబట్టి ఫ్రిజ్ మీద అంటించిన డైట్ చార్టు మనకు కొత్త కాదు. మాస్టారూ, మీతోనే మొదలుపెడదాం.

మాస్టారు: నేను 94 కిలోలుండేవాణ్నండీ. షుగర్ బోర్డర్‌లో ఉందన్నారు. భయపడి ఒక వెయిట్ లాస్ సెంటర్‌లో చేరాను. రోజుకు వెయ్యి కేలరీలు. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం ఒక పుల్కా, కీరా ముక్కలు, రాత్రి సూప్. నాలుగు నెలల్లో 78కి వచ్చాను. స్కూల్లో నాకు శాలువా కప్పడం ఒక్కటే తక్కువ. రెండేళ్లు తిరిగేసరికి 96.

యాంకర్: అసలు, పైన వడ్డీ కూడా!

మాస్టారు: రెండు కిలోల వడ్డీ. సెంటర్ వాళ్లకు ఫోన్ చేస్తే, "మీరు మెయింటెయిన్ చేయలేదు సర్, ఇంకో ప్యాకేజీ తీసుకోండి" అన్నారు.

ట్రైనర్: సర్, ఆ సెంటర్‌ను నేను సమర్థించను. కానీ లెక్క లెక్కే. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకు 500 తక్కువ తింటే రెండు వారాలకు దగ్గరదగ్గర కిలో పోవాలి. పోతుంది కూడా. నేను రోజూ చూస్తున్నా.

డాక్టర్: మాస్టారూ, మీరు లెక్కలవారు కదా, ఇదే లెక్క మూడేళ్లు సాగదీసి చెప్పండి.

మాస్టారు: (కాస్త ఆగి) ఏడాదికి లక్షా ఎనభై రెండు వేల అయిదు వందలు. 7,700తో భాగిస్తే 23.7. మూడేళ్లకు 71 కిలోలు.

డాక్టర్: అంటే 80 కిలోల మనిషి మూడేళ్లకు 9 కిలోలుంటాడు. (నవ్వులు) కేలరీల లెక్క అబద్ధమని నేననను. తినే వైపు మనం కోస్తుంటే, ఖర్చు వైపు అంకె కదలకుండా కూర్చుంటుందనుకోవడమే పొరపాటు. ఒళ్లు తగ్గిన కొద్దీ అది ఖర్చుపెట్టేదీ తగ్గుతుంది. అమెరికాలో కెవిన్ హాల్ బృందం 2011లో లాన్సెట్ పత్రికలో సరైన లెక్క ఇచ్చింది. రోజూ తినేదాంట్లో 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే, చివరికి ఒక కిలో తగ్గుతాం. అందులో సగం తగ్గడానికే ఏడాది, దాదాపు మొత్తం తగ్గడానికి మూడేళ్లు. ఆ తర్వాత బరువు అక్కడే ఆగిపోతుంది.

ట్రైనర్: సరే సర్, మీ లెక్కే తీసుకుందాం. 500 తగ్గిస్తే ఇరవై కిలోలైనా పోతాయి కదా? ఆగాలి గానీ మళ్లీ పెరగడమేంటి? చెప్పనా... చీటింగ్. క్లయింట్ నాకు రాసిచ్చేది ఒకటి, తినేది ఒకటి.

డాక్టర్: మీరు అబద్ధమంటున్నదాన్ని నేను ఆకలి అంటాను. దీని మీద ఒక తెలివైన ప్రయోగం ఉంది, 2016లో వచ్చింది. షుగర్‌కు వాడే ఒక మందు ఒంట్లోని గ్లూకోజును మూత్రంలో బయటికి పంపేస్తుంది. రోజూ కొన్ని వందల కేలరీలు అలా పోతుంటాయి, కానీ పోతున్నట్టు మనిషికి తెలియదు. ఆ మందు వాడినవాళ్లకు డైట్ చేయమని ఎవరూ చెప్పలేదు. ఏడాది పాటు చూశారు. కొద్ది కిలోలు తగ్గారు, తర్వాత ఆగిపోయారు. ఎందుకంటే తమకు తెలియకుండానే ఎక్కువ తినడం మొదలుపెట్టారు. తగ్గిన ఒక్కో కిలోకు రోజుకు సుమారు 100 కేలరీల ఆకలి పెరిగింది. ఖర్చు తగ్గింది మాత్రం కిలోకు 20–30 కేలరీలే. చూశారా, మనమంతా "మెటబాలిజం స్లో అయింది" అంటాం. దానికంటే మూడు నాలుగు రెట్లు బలంగా లాగేది ఆకలి.

మాస్టారు: అంటే 16 కిలోలు తగ్గితే 1,600...

డాక్టర్: అలా గుణించేయకండి, ఆ ప్రయోగంలో తగ్గింది కొద్ది కిలోలే. కానీ దిశ అదే. ఆస్ట్రేలియాలో 50 మందికి పది వారాల పాటు బాగా తక్కువ కేలరీల డైట్ పెట్టారు. ఆకలి పుట్టించే గ్రెలిన్, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్, ఇంకా ఇలాంటి హార్మోన్లన్నీ కొలిచారు. ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే అవి ఇంకా మామూలు కాలేదు. అప్పటికే బరువులో కొంత తిరిగొచ్చేసింది, అయినా ఆకలి ఎక్కువగానే ఉందని వాళ్లే చెప్పారు. డైట్ ఆపిన రోజునే ఒళ్లు ఊరుకుంటుందనుకుంటాం. అది ఊరుకోదు.

యాంకర్: టీవీలో కోట్ల మంది చూసిన ఉదాహరణ ఉంది కదా, 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే అమెరికా బరువు తగ్గే పోటీ.

డాక్టర్: ఆ షోలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. పోటీలో ఒక్కొక్కరు సగటున 58 కిలోలు తగ్గారు. ఆరేళ్లలో 41 కిలోలు తిరిగొచ్చాయి. అప్పటి వాళ్ల బరువుకు, వయసుకు ఊరికే విశ్రాంతిగా ఉన్నా రోజుకు ఎంత ఖర్చవ్వాలో లెక్కవేస్తే, అసలు ఖర్చు దానికంటే 500 కేలరీలు తక్కువుంది. ఆరేళ్ల తర్వాత! అయితే రోజుకు గంటల తరబడి చెమటోడ్చి, టీవీ కోసం నెలల్లో సగం మనిషి కావడం మామూలు విషయం కాదు, అందరికీ ఇలాగే అవుతుందని భయపెట్టను.

డైటీషియన్: నేనొకటి అడుగుతాను. మాస్టారికి వెయ్యి కేలరీలు ఏ లెక్కన రాసిచ్చారు? 1944లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లతో ఒక ప్రయోగం చేశారు. యుద్ధంలో పస్తులున్నవాళ్లకు మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం కోసం. ఆరు నెలలు వాళ్లను అర్ధాకలితో ఉంచారు. ఎన్ని కేలరీలో తెలుసా? సుమారు 1,570. దాన్ని శాస్త్రవేత్తలు పస్తు అన్నారు. మనవాళ్లు 1,200 రాసిచ్చి హెల్దీ డైట్ అంటున్నారు! ఆ కుర్రాళ్ల శరీరాలు పెద్దవి, వారానికి 22 మైళ్లు నడిపించేవారు, ఆ తేడా ఒప్పుకుంటాను. కానీ వాళ్ల మనసులకు ఏమైందో చూడండి. వంటల పుస్తకాలు తెచ్చుకుని రాత్రుళ్లు చదివేవారు. ప్రేమ, సినిమా, చదువు అన్నీ పోయి తిండి ఒక్కటే మిగిలింది. ప్రయోగం అయ్యాక కడుపు పగిలేలా తిన్నా నిండినట్టు అనిపించలేదని చెప్పినవాళ్లున్నారు.

మాస్టారు: అయ్యో, అది నేనే. డైట్‌లో ఉన్న నాలుగు నెలలూ యూట్యూబ్‌లో దమ్ బిర్యానీ వీడియోలు చూశాను. మా అమ్మాయి నవ్వేది.

డైటీషియన్: నవ్వే విషయమేం కాదు అది.

యాంకర్: ఫోన్ లైన్లో విజయవాడ నుంచి ఒక సోదరి ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. నేను యాప్‌లో 1,200 పెట్టుకున్నాను. పొద్దున టిఫిన్ మానేశాను, కాఫీ ఒక్కటే. సాయంత్రం దాకా చాలా బాగుంటుంది. రాత్రి పదింటికి అందరూ పడుకున్నాక గిన్నెలు సర్దుతూ మిగిలిన కూర, అన్నం పారేయలేక తింటాను. తర్వాత పిల్లల స్నాక్స్ డబ్బా. పొద్దున్నే మళ్లీ టెన్షన్. నాకు విల్‌పవర్ లేదండి.

డైటీషియన్: అమ్మా, ఆ డబ్బా దగ్గరికి మిమ్మల్ని నడిపించింది పొద్దున మానేసిన టిఫిన్. రేపటి నుంచి యాప్ పక్కన పెట్టండి. పొద్దున రెండు పెసరట్లు, లేదా రెండు గుడ్లతో ఒక దోసె. మధ్యాహ్నం కొలిచిన ఒక కప్పు అన్నం, పప్పు గరిటెలు రెండు వేసుకోండి, కూర మాత్రం అన్నం కంటే ఎక్కువ ఉండాలి, చివర పెరుగు. రాత్రి ఇంట్లోవాళ్లు తినేటప్పుడే మీరూ కూర్చుని తినండి. చివర్న, నిలబడి, మిగిలింది తినడం మన ఆడవాళ్లకు ఎవరు నేర్పారో గానీ, దాంట్లో కేలరీలెన్నో ఏ యాప్‌కీ తెలియదు. ఇంకొకటి, మీ ఇంట్లో ఎంతమంది?

కాలర్: నలుగురం అండీ.

డైటీషియన్: నూనె నెలకు ఎంత?

కాలర్: అయిదు లీటర్ల క్యాన్. పండగ నెలైతే ఇంకొంచెం.

డైటీషియన్: మనిషికి రోజుకు 40 మిల్లీలీటర్లు దాటింది. దగ్గరదగ్గర 350 కేలరీలు నూనెలోనే. మూడు లీటర్లకు దించండి. మనిషికి రోజుకు 140 తగ్గుతుంది, ఎవరికీ ఆకలి వేయదు, మీరొక్కరే డైట్‌లో ఉన్నట్టూ ఉండదు.

ట్రైనర్: ఇది కూడా కేలరీ తగ్గించడమే కదా మేడమ్!

డైటీషియన్: తగ్గించడమే. తగ్గించొద్దని నేనెప్పుడన్నాను? పదేళ్లు చేయగలిగేంతే తగ్గించమంటున్నా. లో ఫ్యాట్, లో కార్బ్ అని జనం కొట్టుకుంటారు. 2018లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందితో ఏడాది పాటు రెండూ పోల్చారు. సగటున అటు అయిదు కిలోలు, ఇటు ఆరు. చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి అన్నం మానేయాలా, నెయ్యి మానేయాలా అన్న గొడవ నాకు పట్టదు.

యాంకర్: డాక్టర్ గారూ, ట్రైనర్ గారిని ఇందాకట్నుంచీ అందరం కలిసి ఏకేస్తున్నాం. వ్యాయామం సంగతి?

డాక్టర్: నిలబెట్టుకునే దశలో ఈయన అవసరమే ఎక్కువ. తగ్గించడంలో వ్యాయామం చేసేది తక్కువే, గంట నడిస్తే 200 పైచిలుకు కేలరీలు, రెండు గారెలతో చెల్లు. కానీ తగ్గినదాన్ని కాపాడుకోవడంలో దాని పాత్ర పెద్దది. అమెరికాలో 1994 నుంచి ఒక రిజిస్ట్రీ నడిచింది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా అలాగే ఉన్నవాళ్లు అందులో పేరు రాయించుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది రోజుకు సుమారు గంట కదులుతారు, టిఫిన్ మానరు, తరచూ బరువు చూసుకుంటారు. గెలిచినవాళ్లే వచ్చి పేరిచ్చిన జాబితా అది, ఆ లోటు ఉంది. అయినా అలాంటివాళ్లు ఉన్నారన్నది నిజం.

ట్రైనర్: థాంక్యూ సర్. ఇంకోటి నేను చెప్తా. మాస్టారు నాలుగు నెలల్లో 16 తగ్గారంటే అందులో కండ ఎంత పోయి ఉంటుంది! ఒక్క బరువూ ఎత్తలేదు, పుల్కా, కీరాలో ప్రోటీన్ పెద్దగా లేదు.

డాక్టర్: సరిగ్గా చెప్పారు. మామూలుగా తగ్గిన బరువులో పావు వంతు దాకా కొవ్వు కానిదే పోతుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. మనకు ఇది మరీ ప్రమాదం. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఫొటో దిగారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకె, 22.3. ఒంట్లో కొవ్వు లండన్ ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2. సన్నగా కనిపించినా మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. అందుకే మనకు బీఎంఐ 23 దాటగానే అధిక బరువు అంటున్నాం. ఉన్న కాస్త కండనూ క్రాష్ డైట్‌కు ఇచ్చేస్తే ఎలా?

యాంకర్: ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, ఇక ఈ గొడవంతా ఎందుకని అడుగుతున్నారు.

డాక్టర్: అవి పనిచేసేది ఆకలి మీదే. దాన్ని బట్టే అసలు సమస్య ఎక్కడుందో తెలుస్తోంది. వాటిలో ఒకటైన సెమాగ్లుటైడ్ ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. వాటి మీద మరోసారి మాట్లాడుకుందాం, గంట చాలదు. ఒక హెచ్చరిక మాత్రం ఇప్పుడే చెప్పాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా తిండి ఒక్కసారిగా తగ్గించొద్దు. షుగర్ పడిపోయి స్పృహ తప్పిన కేసులు నేను చూశాను. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కూడా వస్తాయి.

మాస్టారు: అయితే నాలాంటివాడు ఏం చేయాలండీ? ఎలాగూ తిరిగొచ్చేదానికి తగ్గడం ఎందుకనిపిస్తోంది.

డాక్టర్: అలా అనుకుంటే నేను చెప్పడంలో తప్పు జరిగినట్టే. అమెరికాలో షుగర్ ఉన్న 5,145 మందితో లుక్ అహెడ్ అనే పెద్ద అధ్యయనం చేశారు. వాళ్లలో సగం మందికి రోజుకు 1,200 నుంచి 1,800 కేలరీల తిండి, వ్యాయామం, వీటన్నిటికీ మించి ఏళ్ల తరబడి వదలకుండా కౌన్సెలింగ్. మొదటి ఏడాది 8.6 శాతం తగ్గారు. దాదాపు పదేళ్లకు 6 శాతం తగ్గుదల మిగిలింది. గుండె జబ్బులు తగ్గలేదు, అది ఒప్పుకోవాలి. కానీ బరువు పూర్తిగా వెనక్కి రాలేదు. ఇక చెన్నైలో రామచంద్రన్ గారి బృందం, షుగర్ వచ్చే ముందు దశలో ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ల బరువు పెద్దగా తగ్గనే లేదు!

మాస్టారు: బరువు తగ్గకుండానే?

డాక్టర్: తగ్గకుండానే. అందుకే మీ బోర్డర్ షుగర్‌కు 78 అక్కర్లేదు. 96 నుంచి 90కి రండి, ఆరేడు నెలలు తీసుకోండి. అక్కడ అయిదేళ్లు ఉండండి.

మాస్టారు: 90కి వస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు కదండీ. 78లో ఉన్నప్పుడు కుట్టించిన ప్యాంట్లు నాలుగున్నాయి, మా ఆవిడ బీరువాలో దాచింది.

డైటీషియన్: అవి ఎవరికైనా ఇచ్చేయండి మాస్టారూ.

మాస్టారు: ...ఒకటి ఉంచుకుంటాను.

యాంకర్: సమయం అయిపోయింది. అందరికీ ధన్యవాదాలు.