సుగ్గికి పోయిన పిల్ల హాజరు

శ్రోతలకు నమస్కారం.

దసరా, దీపావళి దాటినాయంటే కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో తెల్లవారుజామునే బండ్లు వచ్చి నిలబడతాయి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుంద, హాలహర్వి వైపువాళ్లకు నేను దేని గురించి మాట్లాడబోతున్నానో ఈ ఒక్క మాటతోనే తెలిసిపోయి ఉంటుంది. బియ్యం మూటలు, వంటసామాను, దుప్పట్లు, టార్పాలిన్ పట్టలు బొలేరోల్లోకి ఎక్కుతాయి. వాటి మీద మనుషులు, మనుషుల ఒళ్లో పిల్లలు. ఆ బండ్లు గుంటూరు, పల్నాడు వైపు మిరప చేలకో, తెలంగాణలో పత్తి చేలకో పోతాయి. చాలామంది మళ్లీ ఊరు చూసేది ఉగాదికే. దీన్ని మావైపు సుగ్గికి పోవడం అంటారు.

సుగ్గి కన్నడ మాట. పంట చేతికొచ్చే కాలం అని అర్థం, కన్నడిగులకు అది పండుగ. మా పల్లెల్లో మాత్రం ఇంటికి తాళం వేసి, వేరేవాళ్ల పంట వాళ్ల ఇల్లు చేర్చడానికి పోవడమే సుగ్గి అయింది.

ఈ పల్లెల్లో నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఒక సంవత్సరం ఉగాది అయిన నాలుగో రోజు ఆరో తరగతి పిల్ల ఒకతి తిరిగి బడికొచ్చింది. నోట్‌బుక్కు తెచ్చావా అని అడిగితే సంచిలోంచి తీసి ఇచ్చింది. నవంబరు మొదటి వారం దాకా తెలుగు పాఠం, ప్రశ్నలు జవాబులు, ముత్యాల్లాంటి రాత. తర్వాతి పేజీ తిప్పితే అమ్మ పేరు, నాయన పేరు, తన పేరు, పక్కన అంకెలు. రోజూ ఎవరెవరు ఎన్ని కిలోల పత్తి తీశారో రాసిన లెక్క. అలా పదిహేడు పేజీలు. ఇంట్లో చదువొచ్చింది ఆ పిల్ల ఒక్కదానికే. మేస్త్రీ లెక్కలో మోసపోకుండా వాళ్లమ్మ ఆ పని ఆమెకు అప్పజెప్పింది. కూడికల్లో ఒక్క తప్పు లేదు. ఆ పేజీల కింద ఎర్ర పెన్నుతో నేను సంతకం పెట్టలేకపోయాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

ఆ లెక్కలో పిల్ల పేరు ఎందుకుందో కొంచెం వివరంగా చెప్పాలి. పత్తి తీసినందుకు కూలి కిలోల లెక్కన ఇస్తారు. రోజుకూలి అయితే పిల్లను చెట్టు కింద కూర్చోబెట్టవచ్చు, కూలి తగ్గదు. కిలోల లెక్క వచ్చేసరికి పదేళ్ల పిల్ల తీసిన ఐదారు కిలోలు కూడా ఆ ఇంటికి డబ్బే. ఇక మిరప చేను సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. సాయంత్రానికి వేళ్లు మండుతుంటాయి, ఎన్నిసార్లు కడిగినా మంట పోదు, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. ఇంత చిన్న పిల్లలతో పని చేయించుకుంటారా అని తల్లిదండ్రుల్ని తిట్టేవాళ్లుంటారు. నాకు వాళ్ల మీద కోపం రాదు. పక్కనే తుంగభద్ర పారుతున్నా చేలకు నీళ్లు అందవు, వానలను నమ్ముకుని వేసిన పంట అప్పు కూడా తీర్చదు. రాయలసీమకు నీళ్లలో ముందు చోటు ఇస్తామని కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నది 1937లో. ఆ మాట నిజమై ఉంటే ఇన్ని తాళాలు పడేవి కావు.

ఇప్పుడు చదువు మీద మన రాష్ట్రంలో నడుస్తున్న చర్చ చూడండి. ప్రభుత్వ బడులను ఇంగ్లిష్ మీడియంలోకి మార్చాలని 2019 నవంబరులో జీవోలు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వీలున్నచోట కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పాలని అదే సంవత్సరం జాతీయ విద్యా విధానం అన్నది. ఆ వాదన ఇంకా తెగలేదు. నా వరకు, చిన్న తరగతుల్లో చదువు ఇంటి భాషలోనే మొదలవ్వాలి. కర్ణాటక సరిహద్దు పల్లెల్లో కన్నడ మాట్లాడే ఇళ్లున్నాయి, ఆదోనిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి, వాళ్ల పిల్లలకు కూడా ఇదే మాట. కానీ నవంబరు నుంచి మార్చి దాకా బడిలోనే లేని పిల్లకు ఏ మీడియమైతే ఏమిటి? ఇన్ని చర్చల్లో ఆ పిల్ల ఊసే రాకపోవడం నన్ను బాధపెడుతుంది.

డబ్బు సంగతీ అంతే. పిల్లను బడికి పంపే తల్లికి 2020లో అమ్మ ఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం వచ్చింది. రెండూ మంచి పథకాలే, వాటి వల్ల బడి మొహం చూసిన పిల్లలు నాకు తెలుసు. రెండింటిలోనూ హాజరు 75 శాతం ఉండాలన్న షరతు పెట్టారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. అందులో 75 శాతం అంటే 165. నాలుగు నెలలకు పైగా ఊళ్లో లేని పిల్లకు ఆ 165 రోజులు ఎక్కడి నుంచి వస్తాయి? అందరికంటే ఎక్కువ అవసరం ఉన్న తల్లి ఆ అంకె దగ్గర ఆగిపోతుంది. హాజరు నిబంధన వద్దని నేను అనడం లేదు. పిల్ల సుగ్గికి పోయిన ఊళ్లో బడిలో కూర్చున్న రోజులను కూడా కలిపి లెక్కపెట్టమంటున్నాను. ఆధార్ నంబరుతో రేషన్ బియ్యం ఎక్కడైనా తీసుకునే రోజుల్లో ఇది చేయలేని పని కాదు.

సుగ్గికి పోయే ఇళ్ల పిల్లల కోసం ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు. పిల్లలు పగలు బడిలో చదువుకుని రాత్రి అక్కడే తిని పడుకుంటారు. మంచి ఏర్పాటు. కానీ నేను చూసిన పల్లెల్లో మంజూరు కాగితం వచ్చేసరికే బండ్లు వెళ్లిపోయి ఉండేవి. పిల్లను ఎక్కడ వదలాలో తెలియకుండా ఏ తల్లీ బండి ఎక్కదు. హాస్టల్ అక్టోబరులోనే తెరిచి, పొయ్యి వెలిగించి, వార్డెన్ ఎవరో ఆ తల్లికి ముందుగా చూపించాలి. అప్పుడు వదిలి పోతుంది. ఆడపిల్లలకు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి, అవి మొదలయ్యేది ఆరో తరగతి నుంచి. ఒకటి నుంచి ఐదు దాకా చదివే పిల్లకు మిగిలేది అవ్వ ఒక్కతే. అవ్వకు కళ్లు కనిపించకపోతే పిల్ల కూడా బండెక్కుతుంది. ఎదిగిన ఆడపిల్లనైతే ఒంటరిగా వదలలేక, వెంట తీసుకుపోవడానికీ భయపడి తొందరగా పెళ్లి చేసేస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. ఆ లెక్కలో మా సుగ్గి ఇళ్ల పిల్లలూ ఉన్నారు.

చివరగా గుంటూరు, పల్నాడు వైపు ఈ ప్రసంగం వింటున్న రైతులకు, టీచర్లకు ఒక మాట. ఒకసారి మా ఊరి పిల్లాణ్ని అటువైపు ఒక బడిలో టీసీ లేదని చేర్చుకోలేదు. వాడు ఆ సీజనంతా చేలోనే ఉన్నాడు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ తీసి చదవండి. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని అందులో స్పష్టంగా ఉంది. మీ చేను గట్టు మీద పట్టలు కట్టుకున్న ఇళ్లలో ఆరేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల మధ్య పిల్లలు కనిపిస్తే పేరు, తరగతి, ఊరు అడిగి, దగ్గరి బడి హెడ్‌మాస్టర్ గారికి చెప్పండి. తల్లిదండ్రులు ముందు భయపడతారు, కూలి పోతుందేమోనని. కూలి ఎక్కడికీ పోదని మీరు చెబితే నమ్ముతారు, ఎందుకంటే ఆ కూలి ఇచ్చేది మీరే. ఆ పిల్లల్లో ఒకరి దగ్గర కిలోల లెక్క రాసిన నోట్‌బుక్కు ఉండవచ్చు. దాంట్లో ఇంకా ఖాళీ పేజీలు ఉంటాయి.

నమస్కారం.