ఆశీస్సులు ఎక్కడిదాకా, ఆజ్ఞ ఎక్కడినుంచి

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికల తేదీలు వచ్చాయంటే చాలు, అభ్యర్థుల కార్లు మఠాల ముందు, మసీదుల ముందు, చర్చిల ముందు ఆగడం మొదలవుతుంది. స్వామివారు శాలువా కప్పుతారు. పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తారు. పక్కనే ఒక కెమెరా ఉంటుంది. సాయంత్రానికల్లా ఆ ఫొటో నియోజకవర్గంలోని ఫోన్లన్నీ చుట్టి వస్తుంది. దాన్ని చూసి కొందరు "ఇది కోడ్ ఉల్లంఘన కాదా?" అంటారు. ఇంకొందరు "దేవుడికి దండం పెట్టుకుంటే తప్పేమిటయ్యా?" అంటారు.

దండం పెట్టుకోవడం తప్పు కాదు. ఆశీస్సులు తీసుకోవడం తప్పు కాదు. ఆ ఫొటో కూడా, ఒక్క ఫొటోవరకే అయితే, తప్పు కాదు. చట్టం పట్టించుకునేది మాటను. ఏ మాట అన్నారు, ఎవరి సమ్మతితో అన్నారు, ఏ రోజున అన్నారు. ఈ మాట సంగతి తేలాలంటే సిర్సా కేసు చెప్పుకోవాలి. పాత కేసే. కానీ దీనంత స్పష్టంగా గీత గీసిన తీర్పు మరొకటి లేదని నా అభిప్రాయం.

సిర్సా ఇప్పుడు హర్యానాలో ఉంది, అప్పట్లో పంజాబు. అక్కడినుంచి రామ్ దయాళ్ అనే అభ్యర్థి శాసనసభకు గెలిచారు. ఆ ప్రాంతంలో నామ్‌ధారీ సిక్కుల ఓట్లున్నాయి. ఆ శాఖకు ఒక గురువు ఉంటారు, ఆయన మాట అనుయాయులకు శిరోధార్యం. ఎన్నికల ముందు ఆ గురువు పేరుమీద పోస్టర్లు వెలిశాయి. గురువుగారి హుకుం ఇది, ఈ ప్రాంతంలోని ప్రతి నామ్‌ధారీ ఈ అభ్యర్థి గెలుపుకోసం పాటుపడాలి, తన ఓటు వెయ్యాలి, తెలిసినవాళ్లచేతా వేయించాలి, అది మన మొదటి కర్తవ్యం అని వాటి సారాంశం. ఆ ఎన్నికను సవాలు చేశారు, కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 1959లో తీర్పు వచ్చింది. ఎన్నిక చెల్లలేదు.

ఇక్కడ కోర్టు చెప్పినది కాస్త నెమ్మదిగా వినాలి. మతగురువు కూడా పౌరుడే. ఫలానా అభ్యర్థి మంచివాడని నేను అనుకుంటున్నాను, ఇవిగో కారణాలు అని ఆయన చెప్పవచ్చు. ప్రచారం కూడా చెయ్యవచ్చు. తన పలుకుబడి వాడుకోవచ్చు. అంతవరకు తప్పులేదు. కానీ అనుయాయికి ఎంచుకునే వీలు లేకుండా చేస్తే, మాట దాటితే దైవాగ్రహమో గురువు కోపమో తప్పదని నేరుగా చెప్పినా, అలా అర్థమయ్యేటట్టు ఆదేశించినా, అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ రెండో క్లాజు కింద అనుచిత ప్రభావం. సిర్సా పోస్టరులోని ఒక్క హుకుం చాలు కొంప ముంచడానికి. సలహా చెప్పవచ్చు, ఆజ్ఞ ఇవ్వకూడదు. మళ్లీ చెబుతున్నాను, సలహా చెప్పవచ్చు, ఆజ్ఞ ఇవ్వకూడదు.

అయితే సలహాకు ఇంకో హద్దు ఉంది. అదే సెక్షన్ మూడో క్లాజు. మతం పేరుతో, కులం పేరుతో, జాతి, భాష పేరుతో ఓటు అడగకూడదు. వద్దని కూడా చెప్పకూడదు. "మనవాడికి వెయ్యండి" అన్నా, "వాడు మనవాడు కాదు, వెయ్యకండి" అన్నా ఒకటే. ఇందులో చాలాకాలం ఒక చిక్కుండేది. మతం అంటే ఎవరి మతం? అభ్యర్థిదా, ఓటరుదా? 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది. అభ్యర్థి మతమైనా, ఓటరు మతమైనా, ఎవరి మతాన్ని చూపి అడిగినా తప్పే. ఆ వివాదం మొదలైంది 1990 నాటి ఎన్నికతో. తేలేసరికి ఇరవై ఆరేళ్లు దాటింది. వేగం విషయంలో ఇంతకన్నా నేను చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు సమ్మతి. స్వామివారు తనంతట తాను ఏదో అన్నారు, అభ్యర్థికి తెలియనే తెలియదు అంటే అభ్యర్థి ఎన్నిక పోదు. అభ్యర్థి సమ్మతిగానీ, ఆయన ఎలక్షన్ ఏజెంటు సమ్మతిగానీ రుజువు కావాలి. అందుకే అనుభవమున్న నాయకులు మతసభలో చివరి వరసలో కూర్చుంటారు, మైకు పట్టుకోరు, ముందే లేచి వెళ్లిపోతారు. వేదికమీద పక్కనే కూర్చుని, పక్కవాళ్లు మతం పేరుతో ఓట్లడుగుతుంటే తల ఊపితే కథ మారుతుంది. 1987 డిసెంబరులో బొంబాయిలోని విలేపార్లే ఉపఎన్నికలో గెలిచిన రమేశ్ ప్రభు ఎన్నికను హైకోర్టు 1989లో కొట్టేసింది, 1995లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆయనకోసం మతం పేరుతో ఓట్లడుగుతూ ప్రసంగించిన శివసేన నాయకుడు బాల్ ఠాక్రే అసలు అభ్యర్థే కాదు. అయినా ఠాక్రే ఓటుహక్కు కూడా ఆరేళ్లపాటు పోయింది.

రోజు సంగతికొస్తే, చట్టంలో పెద్ద కంత ఉన్నది ఇక్కడే. 123వ సెక్షన్ దృష్టిలో ఒక మనిషి అభ్యర్థి అయ్యేది నామినేషన్ వేశాకే. 1975 సవరణ అలా చేసింది. నామినేషన్‌కు ముందురోజు ఎంత ఘాటుగా మాట్లాడినా, ఆ మాటమీద ఎన్నికను కొట్టించలేరు. మఠాల చుట్టూ తిరిగే యాత్రలు ఎక్కువగా నామినేషన్లకు ముందే ముగిసిపోవడానికి భక్తి ఒక్కటే కారణమని నేననుకోను. ఆ వ్యవధిలో మిగిలేది ఎన్నికల నియమావళి, అంటే జనం కోడ్ అనేది. అది షెడ్యూలు ప్రకటించిన క్షణం నుంచి వర్తిస్తుంది. గుడి, మసీదు, చర్చి, ఏ ప్రార్థనాస్థలాన్నీ ప్రచార వేదిక చెయ్యకూడదని అందులో ఉంది. దానికి ఎన్నిక రద్దుచేసే బలం లేదు. కానీ నోటీసు ఇవ్వగలదు, నోరు కట్టగలదు. 2019 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ఒకేరోజున యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది.

గుడి ఆవరణలో రాజకీయ కార్యక్రమం జరిగితే, నామినేషన్‌తో పనిలేకుండా 1988 నాటి ఇంకో చట్టం ఉంది. మతసంస్థల దుర్వినియోగాన్ని నిరోధించే చట్టం. సంస్థ ఆవరణనుగానీ, నిధులనుగానీ రాజకీయాలకు వాడితే ఐదేళ్లదాకా జైలు, పదివేలదాకా జరిమానా. మేనేజరుగా ఉన్నవారు ఈ సంగతి తెలుసుకుని ఉండడం మంచిది. సంతకం పెట్టి హాలు ఇచ్చేది వాళ్లే కదా.

అన్నదానం గురించీ అడుగుతుంటారు. ఆచారంగా జరిగే అన్నదానానికో, గురుద్వారాల్లో పెట్టే లంగరు భోజనానికో అభ్యర్థి మామూలు భక్తుడిలా వెళ్లి భోంచేస్తే అది ఆయన ఖర్చు లెక్కలోకి రాదు. డబ్బు ఇచ్చి ఉండకూడదు, అక్కడ ప్రచారం చెయ్యకూడదు. డబ్బు ఆయనదైనా, పంక్తి మధ్యలో నిలబడి ఓటు అడిగినా, ఆ భోజనాల ఖర్చంతా ఆయన ఖాతాలో పడుతుంది. పెద్ద రాష్ట్రాల్లో 2022లో సవరించిన ఖర్చు పరిమితి శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు.

మరి వినేవాళ్లు చెయ్యగలిగిందేమిటి? అప్పటికప్పుడైతే ఎన్నికల సంఘంవారి సీ-విజిల్ యాప్. ఫొటోగానీ, రెండు నిమిషాల్లోపు వీడియోగానీ ఆ యాప్‌లోనే తియ్యాలి. గ్యాలరీలో దాచుకున్నది అది తీసుకోదు. వాట్సాప్‌లో వచ్చిన వీడియో పనికిరాదన్నమాట. మీరు నిలబడ్డ చోటు దానికదే నమోదవుతుంది, పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. ఫిర్యాదుమీద 100 నిమిషాల్లో చర్య తేలాలి.

ఎన్నికనే సవాలు చెయ్యాలంటే హైకోర్టులో పిటిషన్ వెయ్యాలి. పోటీచేసినవారే కానక్కర్లేదు, ఆ నియోజకవర్గ ఓటరైనా చాలు. డిపాజిట్ రెండువేల రూపాయలు. ఫలితం వచ్చిన రోజునుంచి 45 రోజుల గడువు. ఇలాంటి పిటిషన్లు కూలిపోయేది ఎక్కువగా ఒకేచోట. "మతం పేరుతో ఓట్లడిగారు" అని గుండుగుత్తగా రాస్తారు. అది చాలదు. ఎవరు, ఏ ఊళ్లో, ఏ తేదీన, ఏ మాటలన్నారు, అభ్యర్థి సమ్మతి ఎలా తెలిసింది, ఇవన్నీ పిటిషన్‌లోనే ఉండాలి. ఫారం 25లో అఫిడవిట్ జత చెయ్యాలి. అన్న మాటలు అన్న భాషలోనే, ఉన్నవి ఉన్నట్టు రాయాలి. రికార్డింగు పెడితే, దాన్ని తీసిన పరికరం గురించి సర్టిఫికెట్ కావాలి. పాత సాక్ష్యచట్టంలో అది 65-బి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 63వ సెక్షన్. ఆ సర్టిఫికెట్‌మీద సంతకం పెట్టవలసిన మనిషి ఎవరో, ఆ ఫోను ఇంకా ఎవరి దగ్గరుందో, 45 రోజుల్లో మొదటి వారంలోనే చూసుకోండి. నమస్కారం.