కొవ్వు కరగాలంటే ఎవరు ఒప్పుకోవాలి?

మిత్రులారా, నమస్కారం.

నడుముకు కట్టుకుంటే అక్కడి కొవ్వు కరిగిపోతుందని చెప్పే బెల్టుల ప్రకటనలు చూసే ఉంటారు. వాటివల్ల చెమట పడుతుంది, అంతే. కొవ్వుకణం వినేది హార్మోన్ల మాట.

ఆ కణంలో నిల్వ ఉండేది ట్రైగ్లిజరైడ్. గ్లిజరాల్‌కు మూడు ఫ్యాటీ ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. ఆ రూపంలో అది కణం దాటి బయటికి రాలేదు, విడగొట్టాలి. ఆ పనికి మూడు ఎంజైములున్నాయి. మనం పరుగెత్తినా, టెన్షన్ పడినా అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అనే హార్మోన్లు వచ్చి కణం మీద కబురు అందుకునే బీటా గ్రాహకాలకు అంటుకుంటాయి. దాంతో కణం లోపల ఆ కబురు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. దీన్ని కనుక్కున్న ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. ఇది తయారయ్యేది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి. ఆ ఏటీపీని 1929లో గుర్తించినవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఇక్కడిదాకా వచ్చి ఆయన పేరు చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

సైక్లిక్ ఏఎంపీ పెరిగితే కొవ్వు బిందువుకు కాపలా ఉన్న పెరిలిపిన్ అనే ప్రోటీన్ దారి ఇస్తుంది, ఎంజైములు పని మొదలుపెడతాయి. విడిపోయిన ఫ్యాటీ ఆమ్లాలు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కండరాలకు, గుండెకు, కాలేయానికి చేరతాయి. అక్కడ ఖర్చు కాలేదా, మళ్లీ కొవ్వుగానే మారతాయి. కరగడం వేరు, ఖర్చవడం వేరు.

పైగా అన్నిచోట్లా కొవ్వు ఒకేలా కరగదు. ఆడవాళ్ల తొడల్లో, పిరుదుల్లో ఆల్ఫా-2 అనే మరో రకం గ్రాహకాలు ఎక్కువ. అదే అడ్రినలిన్ వాటికి తగిలితే కొవ్వు విడుదల తగ్గుతుంది. ఎంత నడిచినా అక్కడ తగ్గడం లేదని బాధపడేవాళ్ల తప్పేమీ లేదు.

ఇక అసలు పెత్తనం ఇన్సులిన్‌ది. భోజనం కాగానే అది పెరిగి, సైక్లిక్ ఏఎంపీని విరగ్గొట్టే ఎంజైమును ఉసిగొల్పుతుంది. కొవ్వు విడుదల ఆగిపోతుంది. కండరాల్లోకి చక్కెరను పంపడానికి కావలసినదానికంటే చాలా తక్కువ ఇన్సులిన్ ఇందుకు సరిపోతుంది.

అలాగని ఇన్సులిన్‌ను విలన్ చేయకండి. అది బొత్తిగా లేని టైప్-1 డయాబెటిస్‌లో కొవ్వు అదుపు లేకుండా కరుగుతుంది, కాలేయం దాన్ని కీటోన్లనే ఆమ్ల పదార్థాలుగా మారుస్తుంది, రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికొస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి ఇన్సులిన్ ఇచ్చేదాకా అలాంటి పిల్లలు ఎముకల గూళ్లై చనిపోయేవారు.

ఇన్సులిన్ కొవ్వును ఎలా పెంచుతుందో కళ్లారా చూడాలంటే, రోజూ ఒకేచోట సూది వేసుకునేవారి పొట్ట తడమండి. అక్కడ మెత్తటి కొవ్వు గడ్డ చేతికి తగలవచ్చు. గడ్డ ఉన్నచోట వేసిన మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే చోటు మార్చి వేయించండి. కొత్తచోట మందు బాగా ఎక్కుతుంది కాబట్టి మోతాదు గురించి ముందే డాక్టరును అడగండి.