ఒర వెనక వైపు

సభాధ్యక్షులకు, ఈ సేకరణకర్తల సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం. మొరాకో బాకుల చరిత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. చరిత్ర కొంత చెబుతాను గానీ, నేను వచ్చింది ముఖ్యంగా ఒక విన్నపం చేసుకోవడానికి. మీ దగ్గరున్న పాత వెండి వస్తువులను దయచేసి మెరుగు పెట్టించకండి. ఎందుకంటున్నానో ఈ బల్ల మీదున్న రెండు బాకులను చూస్తే తెలుస్తుంది.

వీటిని అక్కడ కుమ్మియా అంటారు. పిడి నుంచి ఒర కొస దాకా సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది. పిడి చివర విప్పిన నెమలి పింఛంలా వెడల్పుగా ఉంటుంది. ఒర కొస బాగా పైకి వంగి ఉంటుంది కాబట్టి లోపలి అలుగు, అంటే కత్తి భాగం, కూడా అంత వంపుతోనే ఉంటుందని చూసినవాళ్లందరూ అనుకుంటారు. నిజానికి అలుగు సగం దాకా తిన్నగానే వచ్చి ఆ తరువాతే వంపు తిరుగుతుంది, ఒర చివరి మలుపులోకి అది చేరనే చేరదు. ఆ మలుపంతా అందం కోసం చేసినదే.

హైదరాబాదు మిత్రులు దీన్ని చూడగానే జంబియా అంటారు. బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల పూర్వీకులు నిజాం కొలువు కోసం యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చారు. వాళ్లతో వచ్చిన జంబియా యెమెన్ వైపు బాకు, దాన్ని నడికట్టులో పొట్ట ముందు దోపుకుంటారు. కుమ్మియా కట్టే తీరు వేరు. ఒర పైభాగంలో రెండు పక్కలా రెండు కొక్కేలు ఉంటాయి. ఉన్నితోనో పట్టుతోనో పేనిన తాడును వాటికి కట్టి, మనవాళ్లు పితృకార్యంలో జంధ్యాన్ని వేసుకునే తీరులో, కుడి భుజం మీదుగా వేసుకుంటే బాకు ఎడమ పక్కన వేలాడుతుంది. 2021లో యునెస్కో తన జాబితాలో చేర్చిన తబూరిదా అనే గుర్రపు స్వారీ వేడుకలో రౌతులు ఈ బాకును ధరించి కనిపిస్తారు. కొన్ని ప్రాంతాల్లో పెళ్లికొడుకు కూడా దీన్ని ధరిస్తాడు.

ఇక పనితనం. లోపల కొయ్య ఒర, దాని మీద ఇత్తడి గానీ వెండి గానీ రేకు తొడుగుతారు. దేశానికి దక్షిణాన ఉన్న సూస్ ప్రాంతంలో, ముఖ్యంగా తిజ్నిత్ పట్టణంలో, వెండి పని ప్రసిద్ధం. మన కరీంనగర్ ఫిలిగ్రీని ఎరిగినవాళ్లకు అక్కడి సన్నని వెండి తీగ పని సొంత ఊరి పనిలా కనిపిస్తుంది. ఆకుపచ్చ, పసుపు రంగుల మీనా, అంటే లోహం మీద కరిగించి అతికిన రంగు గాజు పూత, కూడా ఉంటుంది. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ‘నీలో’ (niello) అనే నల్లని నగిషీ. వెండి, రాగి, సీసం గంధకంతో కలిపి కరిగించి, ఆ నల్లని పదార్థాన్ని చెక్కిన గీతల్లో నింపుతారు. ఈ పనులు చేసినవారిలో యూదు కంసాలులు ఎందరో ఉండేవారు. 1948లో మొరాకోలో సుమారు 2.5 లక్షల మంది యూదులు ఉండేవారు. ఆ తరువాతి రెండు దశాబ్దాల్లో అత్యధికులు ఇజ్రాయెల్‌కు, ఫ్రాన్స్‌కు, కెనడాకు వెళ్లిపోయారు, ఇప్పుడు మిగిలింది కొద్ది వేల మందే. కెలాత్ మ్‌గునా దగ్గర అజ్లాగ్ అనే ఊళ్లో ఈనాటికీ బాకులు తయారవుతున్నాయి, అవి బాగానే ఉంటాయి. కానీ ఆ పాత చేతుల పని మళ్లీ రాదు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను ఎరువుల పరిశ్రమలో పనిచేసినవాణ్ణి. ఫాస్ఫారిక్ ఆమ్లం పని మీద మొరాకోలోని జోర్ఫ్ లాస్ఫర్ రేవులో ఉన్న రోజుల్లో ఒక సెలవుకు తిజ్నిత్ వెళ్లాను. ఒక దుకాణంలో ఈ మొదటి బాకు ముందు వైపు నగిషీని చూస్తూ నిలబడిపోయాను. దుకాణం పెద్దాయన నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని, వెనక్కి తిప్పి, నా బొటనవేలిని పట్టుకుని కొక్కెం రంధ్రం మీద ఉంచాడు. రంధ్రం గుండ్రంగా లేదు. తాడు ఏళ్ల తరబడి పైకి లాగగా లాగగా గుడ్డు ఆకారంలో అరిగిపోయింది. వెనక వైపు చెక్కిన గీతలు అంచుల్లో పదునుగా ఉన్నాయి, నడుమ మాత్రం జెల్లాబా అనే పొడవాటి ఉన్ని అంగీ రాపిడికి అరిగి వేలికి తగలడం లేదు. కొత్త సరుకును పాతదని అమ్మేవాళ్లు ముందు వైపు మసి పూయగలరు గానీ, ఒక మనిషి నడకను వెనక వైపు ఎలా పుట్టిస్తారు?

ఆ బాకును 2016లో ఒక ప్రదర్శనకు ముందు మా ఊళ్లో ఒక మెరుగు దుకాణంలో ఇచ్చాను. "శుభ్రం చేయండి" అని ఒక్క మాట చెప్పి వచ్చేశాను. గంటలో తెల్లగా మెరుస్తూ తిరిగి వచ్చింది. ద్రావణంలో ముంచడంతో ‘నీలో’ నలుపు వెలిసిపోయి బూడిద రంగుకు దిగింది, మీనా మెరుపు పోయింది, సాన చక్రం వెనక వైపు గీతలన్నిటినీ ఒకే మట్టానికి తెచ్చేసింది. వెండి మీది నలుపు వెండి గంధకితమేనని (సిల్వర్ సల్ఫైడ్), ‘నీలో’ కూడా గంధకితాలతోనే తయారవుతుందని, ఒకదాన్ని కరిగించే ద్రావణం రెండోదాన్ని వదలదని ముప్పై ఏళ్లు ఆమ్లాలతో పనిచేసిన నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను. దుకాణం కుర్రవాడు తనకు నేర్పిన పని చేశాడు, ఆ తప్పు నాదే. ఆ పెద్దాయన నా వేలిని ఉంచిన చోటు ఇప్పుడు లేదు.

మొరాకోలోని ఫెజ్ నగరంలో 1582లో కట్టిన బోర్జ్ నోర్ కోటలోని ఆయుధాల మ్యూజియం గురించి కూడా చెప్పాలనుకున్నాను, ఈ మాటల్లో పడి సమయం అయిపోయింది. అమ్మలారా, అయ్యలారా, మీ ఇళ్లలోని వస్తువులకు చింతపండు వద్దు, ముగ్గుపిండి వద్దు, ముంచే ద్రావణాలు అసలే వద్దు. మెత్తని పొడి నూలు గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. వానకాలంలో కొయ్య ఒర చెమ్మ పట్టి లోపలి అలుగు తుప్పు పడుతుంది కాబట్టి రెంటినీ విడిగా, పక్కపక్కనే ఉంచండి. పాత తాడు చిరిగినా పారేయకండి, ఆ కొక్కేలను అరగదీసింది అదే.

రెండో బాకును నేను ఎవరికీ ఇవ్వలేదు, నల్లగానే ఉంది. ఇప్పుడు ఒక్కొక్కరే బల్ల దగ్గరకు రండి. చేతులు తుడుచుకుని ముందు దాన్ని వెనక్కి తిప్పి కొక్కెం దగ్గర తడిమి చూడండి, ఆ తరువాత మొదటిదాన్ని పట్టుకోండి.