చిటుక రోగాన్ని ల్యాబులో పట్టేదెట్లా

శ్రోతలకు నమస్కారం. తొలకరి పడి పలమనేరు, పుంగనూరు బీళ్లలో లేత గడ్డి లేచిందంటే గొర్రెల కాపరులకు చిటుక భయం మొదలవుతుంది. సాయంత్రం బాగా మేసిన పిల్ల, అదీ మందలో బలమైనదే, తెల్లారేసరికి కాళ్లు కొట్టుకుని చచ్చిపడి ఉంటుంది. అది చిటుకేనని తేల్చాలంటే ల్యాబుకు సరైన నమూనా చేరాలి.

ముందుగా ఒక మాట. చచ్చిన జీవం ముక్కు నుంచో, మలద్వారం నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దయచేసి కోయొద్దు. అది దొమ్మ, అంటే ఆంత్రాక్స్ కావచ్చు, మనుషులకూ సోకుతుంది. డాక్టరు చెవి నరం నుంచి రక్తం తీసి పరీక్షించేదాకా ఎవరూ ముట్టుకోవద్దు.

చిటుకకు కారణం క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ డి రకం బాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పేగులోనూ ఇది కొద్దిగా ఉండొచ్చు. కాబట్టి బాక్టీరియా దొరికినంత మాత్రాన రోగం తేలినట్టు కాదు. గింజలు గానీ లేత మేత గానీ ఒక్కసారిగా ఎక్కువై, అరగని పిండి పదార్థం చిన్నపేగులోకి దిగితే ఇది విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. పేగులో మేతను అరిగించే ట్రిప్సిన్ అనే ఎంజైము తగిలాక ఆ విషానికి పూర్తి బలం వస్తుంది. రక్తనాళాలు దెబ్బతిని మెదడు వాస్తుంది. ల్యాబులో చేసే ఎలైసా అనే పరీక్షలో వెతికేది ఈ విషాన్నే. పీసీఆర్ అనే జన్యు పరీక్ష అయితే విషం తయారుచేసే జన్యువు ఉందో లేదో చెప్తుంది, అంతే.

పని చెడేది ఎక్కువగా నమూనా దగ్గరే. కళేబరం ఎండలో పడుంటే ఈ బాక్టీరియా ఏ రోగంతో చచ్చినదాంట్లోనైనా పెరుగుతుంది, చిటుక గుర్తుగా చూసే మూత్రపిండాల మెత్తదనం ఎలాగూ వస్తుంది, ఉన్న విషమేమో విరిగిపోతుంది. అందుకే చచ్చిన కొద్ది గంటల్లోనే డాక్టరుతో కోయించాలి. చిన్నపేగు చివరి భాగం నుంచి 20, 30 మిల్లీలీటర్ల ద్రవం సీసాలోకి తీసి, 10 మిల్లీలీటర్లకు ఒక చుక్క క్లోరోఫామ్ కలిపి ఐసులో పంపాలి. క్లోరోఫామ్ బాక్టీరియాను చంపేస్తుంది కనుక, కల్చర్ కోసం, అంటే బాక్టీరియాను ల్యాబులో పెంచి చూడటానికి, రెండు కొసలూ దారంతో కట్టిన పేగు ముక్క విడిగా పెట్టాలి. మెదడును కుళ్లకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవంలో వేయాలి. మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర పరీక్ష స్ట్రిప్ ముంచితే చక్కెర కనిపించొచ్చు. కనిపిస్తే అనుమానం బలపడుతుంది, కనిపించకపోతే చిటుక కాదనడానికి లేదు.

టీకా తొలకరికి ముందే వేయించండి. మొదటిసారి వేయిస్తున్న జీవాలకు రెండు మూడు వారాలకు రెండో మోతాదు తప్పనిసరి. మందలో హఠాత్తుగా జీవం చస్తే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయండి.